బంతి నడుమ ఖాళీ చోటు

క్లీటస్ హార్‌గ్రోవ్ ఇంటికి ఎవరైనా కొత్తగా వెళితే ముందుగది చూసి నిలబడిపోతారు. సోఫా ఉండాల్సిన చోట పాత బస్సు సీటు ఉంటుంది. ఆకుపచ్చ తోలు, ఒక పక్క చిరిగి లోపలి పీచు బయటికొచ్చింది. సరే, అదే మహాభాగ్యమని నేను కూర్చోబోతే, "ఆ చివర కూర్చో అత్తా, ఈ పక్క హోసియా టేట్ కూర్చునేవాడు" అంటాడు. హోసియా టేట్ చనిపోయి పదిహేనేళ్ళయింది. అయినా ఆ చోటు అతనిదే.

ఆ సీటు మా మేకన్ ఊరి హెరాన్స్ జట్టు బస్సులోది. హెరాన్స్ మా నల్లవాళ్ళ బేస్‌బాల్ జట్టు. తెల్లవాళ్ళు తమ జట్ల దరిదాపులకు కూడా మమ్మల్ని రానివ్వని రోజుల్లో నది ఒడ్డున మైదానం చదును చేసుకుని మావాళ్ళు ఆడుకున్నారు. ఆదివారం ప్రార్థన ముగియగానే ఆట. పాస్టర్ గారు ప్రసంగం కాస్త సాగదీస్తే చాలు, వెనక బెంచీల్లో అందరికీ ఒక్కసారిగా దగ్గు వచ్చేది. 1947 వసంతంలో జట్టు మూతపడింది. బస్సును పాత ఇనుము కింద అమ్మేశారు. అందరూ నాలుగు రోజులు బాధపడి మరిచిపోయారు. క్లీటస్ మరిచిపోలేదు.

అప్పటికి అతనికి ఇరవై ఏళ్ళు, ఇటుక బట్టీలో పని. తర్వాత తపాలా ఉద్యోగం వచ్చింది. ముప్పై ఏళ్ళు మా ప్లెజెంట్ హిల్ పేటలో ఉత్తరాలు పంచాడు. ప్రతి గుమ్మం దగ్గరా ఉత్తరం చేతిలో పెట్టి, "మీ ఇంట్లో హెరాన్స్‌వి ఏమైనా పడున్నాయా?" అని అడిగేవాడు. అలా టిక్కెట్టు ముక్కలు దొరికాయి, గోడకంటించిన ప్రకటనలు దొరికాయి, మేకులు ఊడిన బూట్లు దొరికాయి. ఏడో నంబరు చొక్కా మాత్రం ఒక ముసలామె బొంతలో అతుకై కుట్టుకుపోయి ఉంది. బొంత కత్తిరించడానికి ఆమె ఒప్పుకోలేదు. రెండు కొత్త కంబళ్ళిచ్చి బొంత మొత్తం తెచ్చేసుకున్నాడు. "నా మంచం మీద నాకూ నా మొగుడికీ మధ్య ఏడో నంబరువాడు పడుకుంటున్నాడు" అని అతని పెళ్ళాం ఎర్లీన్ చర్చి మెట్ల మీద అందరికీ చెప్పేది. ఒకసారి ఆమె ఒక చొక్కా తీసి సబ్బునీళ్ళలో వేసింది. నది ఒడ్డు ఎర్రమట్టి మరక కాస్తా పోయింది. తొమ్మిది రోజులు ఆమెతో మాట్లాడలేదు ఈ మహానుభావుడు. మరక పోతే ఇక అది ఎవరి చొక్కా అయినా కావచ్చట.

వీటన్నిటికీ పైన ఒక బంతి ఉంది. 1946 సెప్టెంబరు పదిహేనున జరిగిన ఆఖరి ఆటలో పక్కకు ఎగిరి వచ్చి అతని ఒళ్ళో పడిందది. ఆట అయ్యాక పదకొండు మంది ఆటగాళ్ళ చేతా దాని మీద సంతకం చేయించుకున్నాడు. బంతి మీద రెండు వరసల కుట్లు దగ్గరికి వచ్చే చోట అరంగుళం నున్నటి తోలు ఉంటుంది. అక్కడ మాత్రం ఆటగాళ్ళెవరూ పేరు రాయరు. అది మేనేజర్ చోటు. ఎవరూ చెప్పకుండానే వదిలేస్తారు, బల్ల దగ్గర ఇంటిపెద్ద కుర్చీ వదిలేసినట్టు. ఆ రోజు క్లీటస్ తేరుకునేసరికి మేనేజర్ ఆన్సెల్ బ్రాడ్‌నాక్స్, అందరూ క్యాప్ అని పిలిచే మనిషి, బస్సెక్కేశాడు. వచ్చే ఏడు చూద్దాంలే అనుకున్నాడు క్లీటస్. వచ్చే ఏడు జట్టే లేదు.

ముప్పై ఏడేళ్ళు ఆ బంతిని వెలుతురు తగలకుండా ఉన్ని మేజోడులో పెట్టి దాచాడు. ఈ ఏప్రిల్‌లో ఊరి గ్రంథాలయం వాళ్ళు కబురు పెట్టారు, జూన్ నెలంతా ఒక అద్దాల పెట్టె అతని హెరాన్స్ సామాన్లకు ఇస్తామని. రెండు రోజులు గాల్లో తేలాడు. మూడో రోజు మా మెట్ల మీద కూలబడ్డాడు.

"నడుమ ఖాళీగా ఉంటే ఎలా పెట్టను అత్తా? తల లేని మనిషిని నిలబెట్టినట్టుంటుంది."

"క్యాప్ బతికే ఉన్నాడుగా?"

"ఆగస్టాలో ముసలివాళ్ళ ఆశ్రమంలో ఉన్నాడు. ఎనభై ఆరు. పదకొండు ఉత్తరాలు రాశాను, జవాబు కవరు కూడా పెట్టి. ఒక్కదానికీ జవాబు లేదు, ఒక్కటీ వెనక్కీ రాలేదు."

"అయితే దారిలో పోయుంటాయి."

"నేను తపాలావాణ్ణి అత్తా. చేరకపోతే వెనక్కి వస్తాయి. రాలేదంటే చదివాడు, చదివి ఊరుకున్నాడు."

"అయితే నీ మీదేదో కోపం."

"నేనేం చేశాను?"

"అదేదో అడిగే వద్దాం, పద."

అతను నన్ను రమ్మనలేదు. కానీ అప్పటికే నేను టోపీ పెట్టుకుని, పొద్దున కాల్చిన టీకేకులు డబ్బాకెత్తాను. తెలుసుకోవలసింది ఒకటి ఆగస్టాలో ఉందంటే నేను మేకన్‌లో ఎలా కూర్చోను?

ఆశ్రమం వరండాలో ఊగే కుర్చీలో ఉన్నాడు క్యాప్. మనిషి చిక్కాడు గానీ గొంతు చిక్కలేదు.

"ఆ ఉత్తరాల మనిషివి నువ్వేనా? చేతిరాత బాగుంది."

క్లీటస్ మేజోడు విప్పి బంతి చేతిలో పెట్టాడు. ముసలాయన మెల్లగా తిప్పుతూ ఒక్కో పేరూ చదివాడు. చదివిన ప్రతి పేరుకూ తలాడించాడు. నడుమకు వచ్చేసరికి బొటనవేలు ఆగింది. బంతి తిరిగి ఇచ్చేశాడు.

"ఇక్కడ నేను పెట్టను."

"చెయ్యి వణుకుతుందనాండీ? వణికినా పర్లేదు, మీ పేరుంటే చాలు."

"నా చేతికేం? నిన్న డామినోల ఆటలో ఈ వరండా మొత్తాన్ని ఓడించాను."

నాకిక ఆగలేదు. "మరెందుకు పెట్టవయ్యా? నాలుగు కేకులు తిన్నావు, ఒక్క మాట చెప్పలేవా?"

క్యాప్ నావైపు తిరిగి చూశాడు. "ఈవిడెవరు, మీ అమ్మా?"

"కాదండీ," అన్నాడు క్లీటస్. "మా వీధి."

ముసలాయన కుర్చీ ఊగేలా నవ్వాడు. తర్వాత క్లీటస్‌ను అడిగాడు. "ఆ చోటెవరిది?"

"మేనేజర్‌ది."

"మేనేజరంటే ఏం చేస్తాడు?"

"ఎవరు ఆడాలో, ఏ వరసలో ఆడాలో చెబుతాడు."

"అది నేనెప్పుడూ చెప్పలేదు. బస్సు నడిపేది చూశావా, వయోలా, ఆమె చెప్పేది. పొద్దున్నే కాగితం సంచి మీద రాసిచ్చేది. నేను అట్ట మీదకెక్కించి తగిలించేవాణ్ణి. ఆడదాని రాత చూస్తే అవతలి జట్టువాళ్ళు నవ్వుతారని నా రాత. ఆ అబద్ధం మీద ఊళ్ళ వెంట ఎన్ని బంతుల మీద పేరు పెట్టానో. ఇక పెట్టను. ఆమెను అడుగు."

వయోలా స్టాన్సిల్ మా ఎదురింట్లో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఉంటోంది. మా వీధిలో ఎవరింట్లో బీన్స్ మాడినా నాకు తెలుస్తుంది. ఆమె బస్సు నడిపేదనీ, ఆటగాళ్ళు పొద్దున ఆమె ఇంట్లోనే తినేవారనీ ఊరందరికీ తెలుసు. మిగతాది నాకే తెలియకపోవడమా?

తిరుగు దారిలో మిల్లెజ్‌విల్ దాటాక క్లీటస్ అన్నాడు, "ముసలాయన మతి సరిగ్గా లేదేమో."

"వరండా మొత్తాన్ని ఓడించే మతికేం తక్కువ?"

"నీకు తెలీదత్తా. సంతకాలు పోగేసేవాళ్ళకి ఒక పద్ధతుంది. ఆ చోట మేనేజర్ పేరు కాక ఇంకొకరి పేరుంటే బంతి పాడైందంటారు. బస్సు నడిపి వంట చేసిన మనిషి పేరట అని నవ్వుతారు. తోల్లోకి దిగిన సిరా మళ్ళీ రాదు. నా దగ్గరున్నది ఒక్కటే బంతి."

అతని భయం అర్థమైంది. ఖాళీగా వదిలితే జీవితమంతా దాచింది సగంలో ఆగుతుంది. నింపితే, తప్పు పేరుతో నింపానేమోనని చచ్చేదాకా అనుమానం.

మర్నాడు మధ్యాహ్నం నేను బఠాణీ కాయల గిన్నె పట్టుకుని వయోలా వరండా ఎక్కాను. క్లీటస్ అప్పటికి రాలేదు. ఆమెకు డెబ్భై తొమ్మిది, వీపు నిటారుగా ఉంటుంది, ఇప్పటికీ బస్సు చక్రం ముందు కూర్చున్నట్టు. నేను తిన్నగా అడిగాను. ఆమె కాయ వలుస్తూనే ఉంది.

"నేను బస్సు నడిపాను ఇడెల్లా. అంతే."

"అబద్ధం. క్యాప్ చెప్పాడు."

కాయ ఆగింది. "చెప్పాడా? ఆన్సెల్ చెప్పాడా?"

"ముప్పై ఒక్క ఏళ్ళు ఎదురుగా కూర్చుని నాతో ఒక్క ముక్క అనలేదే నువ్వు?"

"నువ్వడిగావా? నా మొగుడెందుకు వెళ్ళిపోయాడని అడిగావు. జుట్టుకి రంగేస్తానా అని అడిగావు. పాస్టర్ గారి తమ్ముడు ఆ రోజు ఎంతసేపు కూర్చున్నాడని అడిగావు. ఇదొక్కటీ అడగలేదు."

నేను గిన్నెలోంచి మూడు కాయలు తీసి వలిచాను.

తర్వాత ఆమే చెప్పింది. ఆట రోజు పొద్దున పన్నెండు మంది ఆమె బల్ల చుట్టూ కూర్చునేవారు. గ్రేవీని ఇనప గిన్నెలో, మూతి దాకా పోసి, కావాలనే చేతికి చేతికి అందించేది. బరువైన గిన్నె. ఎవడు ఏ చేత్తో అందుకున్నాడు, ఎవడి భుజం ముడుచుకుంది, ఎవడు పక్కవాడికి అందించకుండా బల్ల మీద దించాడు, అన్నీ చూసేది. నొప్పి ఉందా అని అడిగితే ఆటగాడెవడూ ఉందనడు, ఆడనివ్వరని భయం. గిన్నె మాత్రం దాచదు. తినడం అయ్యేసరికి ఆమె సంచి మీద వరస రాసేసేది.

అప్పుడు గేటు చప్పుడైంది. క్లీటస్ అట్టల పెట్టెతో వచ్చి మెట్టు కిందే నిలబడ్డాడు. చర్చికి వచ్చినట్టు టోపీ తీశాడు.

"వయోలా పిన్నీ, ఒక్కటడుగుతాను. నలభై ఆరు ఆగస్టు ఇరవై ఐదు. సవానా వాళ్ళతో ఆట. హోసియా టేట్‌ని ఆడించలేదు. బంతి విసరడంలో మనకున్న ఒకే ఒక్క మంచి పిచర్. ఓడిపోయాం. దానికి ముప్పై ఏడేళ్ళుగా నేను క్యాప్‌ని తిట్టుకుంటున్నాను. ఎందుకు ఆడించలేదు?"

ఆమె ఆలోచించలేదు. "గిన్నె ఎడమ చేత్తో అందుకున్నాడు. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏమైందంటే దోమ కుట్టిందన్నాడు. దోమ కుడితే మనిషి చెంచా ఎత్తలేడా? ఆ రోజు బంతి విసిరితే ఆ చెయ్యి అంతటితో పోయేది. నువ్వు నన్ను తిట్టుకోవాల్సింది నాయనా, ఆన్సెల్‌ని కాదు."

"మూడు వారాలు కూర్చోబెట్టారు."

"కూర్చోబెట్టాను. ఆఖరాటకి వదిలాను. పదమూడు మందిని నిలబడ్డ చోటే ఔట్ చేశాడు."

"పద్నాలుగు," అన్నాడు క్లీటస్ వెంటనే. ఈ లెక్క అతను ముప్పై ఏడేళ్ళుగా మా అందరికీ చెబుతున్నదే.

"పదమూడు. పద్నాలుగోవాడు కొట్టాడు, ఎడమ పక్క పట్టేశారు."

క్లీటస్ మెట్టు మీద కూర్చుని పెట్టెలోంచి ఆ రోజు తను పెన్సిల్‌తో రాసుకున్న ఆట లెక్కల కాగితం తీశాడు. వేలు పెట్టి ఒక్కొక్క గడీ లెక్కపెట్టాడు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. నేను తొంగి చూడబోతే కాగితం తిప్పేశాడు.

"పదమూడే," అన్నాడు.

తర్వాత జేబులోంచి మేజోడు తీసి, బంతి ఆమె ఒళ్ళో పెట్టాడు. నీలం బాల్‌పెన్ను కూడా. స్కెచ్ పెన్నయితే తోలు మీద అలుక్కుపోతుందట.

ఆమె బంతిని ముట్టుకోలేదు. "నా పేరుంటే దీని పరువు పోతుందని నీకు తెలుసుగా."

"తెలుసు పిన్నీ."

"గ్రంథాలయంలో పెద్దమనుషులు వస్తారు. ఈ వయోలా ఎవరంటారు."

"అందుకే కదా నేను పక్కన నిలబడేది. చెబుతాను. గిన్నె సంగతి దగ్గర్నుంచి చెబుతాను."

వయోలా లోపలికెళ్ళి కొట్టువాడి కాగితం సంచి ఒకటి తెచ్చింది. దాని మీద తన పేరు ఐదుసార్లు రాసి చూసుకుంది. మొదటి రెండూ వంకరగా పోయాయి, మూడోది పెద్దదైంది. ఐదోది చూసి తలాడించింది. అప్పుడు బంతి ఎత్తి, కుట్లు తప్ప తోలుకి వేలు తగలకుండా పట్టుకుంది. ఎలా పట్టుకోవాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. రెండు కుట్ల నడుమ, తొందర లేకుండా, వయోలా స్టాన్సిల్ అని రాసింది.

"ఆరనివ్వాలి," అని క్లీటస్ చెయ్యి చాచాడు.

ఆమె ఇవ్వలేదు. బంతిని వెలుతురుకి తిప్పి మొదటి పేరు చదివింది. "ఫ్లెచర్ ఓడమ్. కిటికీ పక్కన కూర్చునేవాడు. ఆట ఓడితే తినడు, గెలిస్తే పక్కవాడి పళ్ళెంలోది కూడా తింటాడు. చేతులు బాగుంటే మొదట వీణ్ణే పంపేదాన్ని, ఎందుకంటే…" అని క్లీటస్ వైపు చూసింది. "రాసుకోవా?"

క్లీటస్ జేబులన్నీ తడుముకుని పెన్సిల్ తీశాడు. కాగితం లేదు. ఆమె పేరు ఐదుసార్లున్న సంచినే తిరగేసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆమె మూడో పేరుకి వచ్చేసరికి నేను బఠాణీల గిన్నె పక్కన పెట్టి, కాఫీకి నీళ్ళు పెడదామని లోపలికి లేచాను. వంటింటి కిటికీ తెరిచే ఉంచాను, ఒక్క మాట కూడా పోకుండా.