తెరమీద మిగిలిన మొహం

మొన్న మా కోడలి ల్యాప్‌టాప్ బిగుసుకుపోతే ఓసారి ఆపి మళ్లీ వేసింది, అంతే, వదిలిన చోటి నుంచే అన్నీ మళ్లీ వచ్చేశాయి. మెమరీ సెట్టింగు ఎక్కడుంటుందమ్మా దీంట్లో అని అడిగితే, అవన్నీ అదే చూసుకుంటుంది అత్తయ్యా అని నవ్వేసింది. చూసుకోని కాలం ఒకటుండేదని మన ఈడు వాళ్లకయితే చెప్పక్కర్లేదు.

నెల్లిమర్లలో మా మేనమామ ఫొటో స్టూడియోలో కంప్యూటరు నా చేతిలో ఉన్న రోజులవి. మా వీధిలో చేపలమ్మే ఆవిడ, సముద్రం మీద వేటకెళ్లి తిరిగిరాని పెనిమిటి ఫొటో పట్టుకొచ్చింది. ఉన్నది అదొక్కటే, అదీ ఇల్లు కారి నానిపోయింది. స్కాన్ అయితే అయింది గానీ, తీయబోతే మొహం మొహమంతా స్కానరు అద్దానికి అంటుకుని ఊడిపోయింది. ఇక ఆ మనిషి మిగిలింది నా ఎదుట తెరమీదే, అదయినా సేవ్ చేయబోతే మెమరీ చాలదంటూ కంప్యూటరు మొరాయించింది.

మిషను ఆగిందా, ఆయన మరి లేనట్టే. మావయ్యకేమో అన్నిటికీ ఒకటే మందు. "ఒసే, ఓపాలి ఆపీసి ఎయ్యి, అదే బాగవుతాది" అంటూ బటన్ మీదకు చెయ్యి పోనిచ్చేసరికి, పెద్దాయన అని కూడా చూడకుండా ఆ చెయ్యి పట్టి లాగేశాను. ఉన్న మెమరీ నిండితే హార్డ్ డిస్కులో కొంత జాగాను మెమరీలా వాడుకునే ఏర్పాటు అప్పుడూ ఉండేది గానీ, ఆ జాగా ఉన్న సి డ్రైవును పెళ్లి ఆల్బములతో మేమే నింపేశాం. డి డ్రైవులో చోటుంది, కానీ ఆ సెట్టింగు దాకా వెళ్లాలంటే ఒకదాని తర్వాత ఒకటి విండోలు తెరవాలి, తెరిచిన ప్రతిదీ మిగిలిన ఆ కాస్త మెమరీనే తింటుంది. నొక్కడం, ఊపిరి బిగబట్టడం, మళ్లీ నొక్కడం. ఆవిడ నా వెనకే నిలబడి "ఉన్నాడేటమ్మా, ఎలిపోనాడేటి?" అని అడుగుతుంటే నాకు ఏడుపొక్కటే తక్కువ.

డి డ్రైవులో జాగా ఇచ్చి సెట్ నొక్కాను. రీస్టార్టు చెయ్యమంటుందేమోనని తెరకేసి చూశాను, అనలేదు. సేవ్ అయింది.

ఉన్నాడు పిన్నీ, అన్నాను. ఆవిడ తెరముందు కూర్చుండిపోయి, ప్రింటు వచ్చేదాకా అటునుంచి కన్ను తిప్పలేదు.

ఇప్పుడు ఏదీ పోదు, అన్నీ వాటంతటవే భద్రంగా ఉంటాయి, మంచిదే. మా ఆయన పోయాక, ఫోన్లో ఆయన ఫొటోలు లెక్కలేనన్ని ఉన్నాయి కదమ్మా అని పిల్లలు నన్ను ఓదార్చారు. ఉన్నాయి. ఒకదాని మీంచి ఇంకోదానికి వేలితో తోసుకుంటూ పోతుంటాను. ఆవిడలా ఒక్క మొహం ముందు అలా కూర్చోవడం మాత్రం నాకింకా చేతకావడం లేదు.