మజ్జి వారి గౌరమ్మ కాదట

గుణుపురం నుంచి రాయగడకు నేను మొక్కు తీర్చుకోవడానికి వెళ్లలేదు, నోటిదురుసు దిద్దుకోవడానికి వెళ్లాను. మా ఇంటిపేరు మజ్జి. ఏడేళ్లకే జ్వరంతో పోయిన మా చెల్లి పేరు గౌరి. అందుకే అమ్మ రాయగడ అమ్మవారు మజ్జి గౌరమ్మను మా ఇంటి ఆడపిల్లే అనుకుని ఏటా చీర పంపేది. మొన్న నేను బళ్లో పిల్లలకు చెప్పినట్టు, “ఆ మజ్జి ఒడియా మాటమ్మా, మన ఇంటిపేరు కాదు” అనేశాను. ఈ ఏటి చీర పెట్టెలోకి పోయింది. మూడు రోజులుగా అమ్మ నాతో మాట్లాడలేదు. ఆ మాటకు అర్థమేమిటో నాకైనా తెలుసా అంటే, అదీ లేదు!

పొద్దున్న ఆరింటి బస్సు ఎక్కాను. టిక్కెట్టు రూపాయిన్నర. దారిలో ఇంజను వేడెక్కి బండి ఆగింది. అందరూ దిగి చుట్టలు ముట్టిస్తే, నేను రోడ్డు మీద పచార్లు చేస్తూ ఎప్పుడు కదులుతుందని డ్రైవరును మూడుసార్లు అడిగాను.

“కాళ్ల కింద నిప్పులున్నాయేటి బాబూ? నీళ్లు పొయ్యాల, సల్లారాల. అమ్మోరు ఎక్కడికీ పోదు” అన్నాడతను.

పదకొండున్నరకు రాయగడలో దిగి, అరగంట నడిచి గుడి చేరాను. దర్శనానికి ముందే, గుమ్మం దగ్గర కొబ్బరికాయలమ్మే ఒడియా ముసలమ్మను పేరు గురించి అడిగాను.

“మా బాసలో మఝిఘరియాణి. మఝి ఘరొ అంటే నడుమిల్లు. అమ్మోరు కోట నడుమింట్లో ఉండీదట. ఆ పేరునే మీవోలు మజ్జి గౌరమ్మ సేసేరు” అని నవ్వింది. “నడుమింటిని మీరేటంటారు?”

“నట్టిల్లు” అన్నాను. గౌరి బొమ్మలు పరుచుకుని ఆడుకున్నది మా నట్టింట్లోనే.

మూడింటి బస్సులో కూర్చున్నానన్న మాటే గానీ, ఒక్కచోట కుదురుగా లేను. ఇంట్లో అడుగుపెడుతూనే అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను.

“ఇంటిపేరు పెళ్లైతే మారిపోద్దిరా. నట్టిల్లు మారదు కదా” అని, అమ్మ లేచి పెట్టె తీసింది.

నేను సరిదిద్దబోయిన తప్పులో మా అమ్మ ఇన్నేళ్లు కూతుర్ని దాచుకుందని అప్పటికి గాని తెలియలేదు. సిగ్గేసింది. అరువు మాటకు అర్థం పుట్టినచోటే కాదు, చేరిన ఇంట్లోనూ ఉంటుంది. మీరు వెళ్తే మాత్రం చీర ఇంటి దగ్గరే బస్సెక్కకముందు సంచిలో పెట్టుకోండి. నేను వట్టి చేతులతో వెళ్లాను గనక, మంగళవారం మళ్లీ ఆరింటి బస్సుకే వెళ్తున్నాను. ఈసారి టిక్కెట్లు రెండు.