మా పెద్దోడు నడిపిన తిరుగుడు మిషను

మా పెద్దోడు పోయాడని ఫోను వచ్చినప్పుడు వాన పడుతూనే ఉంది. మా గోరంట్ల పక్క వాన అరుదు, పడితే ఎవరూ ఇంట్లో కూర్చోరు, గడపలోకి వచ్చి చూస్తారు. మేమూ అట్లాగే నిలబడి ఉన్నాం. ఫోను నా కూతురు ఎత్తింది. గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చుంది. వాడు పొద్దున షిఫ్టు ముగించుకుని బండి మీద వస్తున్నాడట. వంక దగ్గర మలుపులో వానకు ఎర్రమట్టి కొట్టుకొచ్చి రోడ్డు మీద పరుచుకుని ఉంది. దాని మీద జారి పడ్డాడు. ఆసుపత్రికి చేర్చేలోపలే అయిపోయింది.

నేను అయిదో తరగతి దాకే చదివినదాన్ని. ఇట్లాంటివి రాసిన అలవాటు లేదు. కానీ కూర్చుంటే కూర్చోలేను, పడుకుంటే పడుకోలేను. అన్నం ముందు నుంచి మధ్యలోనే లేచిపోతున్నాను, ఎందుకు లేచానో తెలియదు. రాస్తే చెయ్యి అన్నా ఒకచోట ఉంటుందని మొదలుపెట్టాను. ఇంకొకటి కూడా ఉంది. వాడు పనిచేసిన చోటే నా కూతురికి పని ఇస్తామని ఫ్యాక్టరీవాళ్లు కబురు పంపారు. అది పోతానంటుంది. నేను వద్దంటున్నాను. వాళ్ల నాయన మేకల వెంట పోయి పొద్దుగూకినాక వస్తాడు.

వాడు పనిచేసింది హిందూపురం పక్క ఒక మందుల ఫ్యాక్టరీలో. మాత్రల్లోకి వాడే పొడి అక్కడ తయారవుతుంది. సెంట్రిఫ్యూజ్ అనే మిషను దగ్గర వాడి పని. ఆ పేరు నాకు పలకడం రాక తిరుగుడు మిషను అనేదాన్ని. కొన్నాళ్లకు వాడూ ఇంట్లో అట్లాగే అనేవాడు.

అసలు నువ్వు చేసేదేమిట్రా అని ఒకసారి అడిగాను. అప్పుడు ట్యాంకరు నీళ్లు బురదగా వచ్చాయని కడవలో పోసి, మట్టి అడుక్కి దిగడానికి చిల్లగింజ అరగదీసి కలుపుతున్నాను. వాడు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఈ కడవలో జరిగేదే మా కాడా జరుగుతాదిమా. మట్టి బరువు, భూమి లాగితే కిందికి దిగుతాది. కాకుంటే నీకు రాత్రంతా పడతాది. మా కంపెనీకి అంత ఓపిక లేదు, అందుకే తిప్పుతారు."

పైఅంతస్తులో పెద్ద పాత్ర ఉంటుందట. అందులో పొడీ ద్రవమూ కలిసి జావ మాదిరి ఉంటుంది. అది తన బరువుతోనే గొట్టంలో కిందికి దిగి మిషనులో పడుతుంది. మిషను లోపల చుట్టూ బెజ్జాలున్న ఇనుప గంప, గంప లోపల గుడ్డ. గంప గిర్రున తిరిగితే ద్రవం గుడ్డలోంచి బయటికి పోతుంది, పొడి గంప గోడకు పూసినట్టు నిలుస్తుంది. తిప్పితే గోడకెందుకు అంటుకుంటుంది అన్నాను. వాడు లేచి చెంబుకు తాడు కట్టి, నిండా నీళ్లు పోసి, వాకిట్లో నిలబడి తల చుట్టూ తిప్పాడు. తాగే నీళ్లు పారబోస్తావా అని నేను కేకలు పెట్టాను. చుక్క పడలేదు. పక్కింటి వదినె నవ్వి, ఏమప్పా, జీతమిచ్చి ఈ ఆటలు నేర్పిస్తారా అంది.

"తిరిగేది ఎప్పుడూ బయటికి పోవాలనే చూస్తాదిమా. గోడ ఉండాది కాబట్టి లోపల ఉంటాది" అన్నాడు. ఇప్పుడు ఆ మాట నన్ను నిలవనివ్వడం లేదు. ఆ మలుపులో వాడికి ఏ గోడ ఉంది?

వాడికొక అలవాటు. ఆడే యంత్రం ఏది కనిపించినా అరచెయ్యి ఆనించి చూసేవాడు. పిండిమిల్లు, బోరు మోటారు, పెళ్లిళ్లలో జనరేటరు, ఏదైనా సరే. అదురు చేతికి తెలుస్తుంది అనేవాడు. శెనక్కాయ మూటలు బండికి వేస్తే రెండు పక్కలా సమంగా ఉన్నాయా అని సర్ది సర్ది వాళ్ల నాయనకు విసుగు పుట్టించేవాడు.

అంత జాగ్రత్త వాడికి ఒక టెంకాయ నేర్పింది. పనిలో చేరిన ఏడాది ఆయుధపూజకు నేనే ఇచ్చి పంపాను, మిషను ఒడిలో పెట్టి పూజ చెయ్యమన్నాను. వాళ్లు మిషనుకు పసుపూ కుంకుమా పెట్టి, వేపమండలు కట్టి, టెంకాయను గంపలోనే ఉంచి హారతి ఇచ్చారు. తరువాత మండలు తీశారు, టెంకాయ మరిచారు. బటను నొక్కగానే లోపల దబ్బున కొట్టుకుని గంప ఒక పక్కకు ఊగిందట. కింద గచ్చు కూడా అదిరిందట. వాడే పరుగెత్తి ఆపాడు. ఇంటికొచ్చి, "నీ టెంకాయ మా కంపెనీని కదిలిచ్చిందిమా" అని నవ్వాడు కానీ మొహంలో నెత్తురు లేదు. బరువు ఒక పక్కకు పడితే, వేగం పెరిగేకొద్దీ అదే బరువు ఎన్నో రెట్లయి లాగుతుందట. ఆ తరువాత టార్చి వేసి లోపల చూడనిదే ఎవరినీ బటను ముట్టనిచ్చేవాడు కాదట.

నా భయమల్లా అదే. ఒక్క టెంకాయకు అంత ఇనుము ఊగితే, అక్కడికి నా బిడ్డను ఎట్లా పంపేది?

"అన్నను తినింది రోడ్డు, మిషను కాదు" అంది నా కూతురు.

"మలుపూ తిప్పేదే, మిషనూ తిప్పేదే."

"నేను బండి మీద పోనుమా, కంపెనీ బస్సులో పోతా. బీయస్సీ చదివి ఈడ శెనక్కాయలు ఒలుచుకుంటా కూర్చోమంటావా? పోనీ, నువ్వొకసారి వచ్చి చూడు. చూసినాక వద్దంటే మానుకుంటా."

పోయాను. షిఫ్టు ఇన్‌చార్జి మా ఇద్దరికీ టోపీలు, కళ్లద్దాలు పెట్టించి లోపలికి తీసుకుపోయాడు. నేను మిషను వైపు చూడకుండా నేల చూస్తూ నడిచాను. వాడి చోట నిలబడిన మనిషి గంపను మెల్లగా తిప్పుతూ పైనుంచి జావ వదిలాడు. మొదట కొంచెం అదిరింది. నేను నా కూతురి కొంగు పట్టుకున్నాను. గోడ చుట్టూ సమంగా పరుచుకున్నాక వేగం పెంచాడు. అదురు పోయింది, ఒక్క హోరు మిగిలింది. నేనూ అరచెయ్యి ఆనించాలని పోయాను, ముట్టుకోవద్దన్నారు.

తరువాత బటను నొక్కి ఆపాడు. నా కూతురు ముందుకు వంగింది, చెయ్యి మూత దాకా పోయింది. ఇంట్లో అన్నం మగ్గేదాకా ఆగలేని మనిషి అది, మూత ఎత్తి ఎత్తి చూస్తుంది.

"ఆగుమ్మా, ఇంకా తిరుగుతాండాది" అన్నాడు ఆ మనిషి.

అది చెయ్యి వెనక్కి తీసుకుంది. వీపు వెనక రెండో చేత్తో పట్టుకుని నిలబడింది. గంప ఆగడానికి చాలాసేపు పట్టింది. విసుగు పడలేదు, నా వైపు కూడా చూడలేదు. వాళ్లందరితో పాటు కదలకుండా ఉంది.

బయటికి వచ్చాక కంపెనీ బస్సు మా ఊరి క్రాసుకు ఎన్నింటికి వస్తుందని ఇన్‌చార్జిని అడిగాను. నా కూతురు కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

దాన్ని పంపుతున్నాను. మనసు నిలిచిందని చెప్పను. వాడు రోజూ నిలబడి చూసినదాన్ని ఒకసారి నేనూ చూశాను. మూతకున్న అద్దంలోంచి కనిపించింది. మోటారు ఆగిపోయింది, హోరు తగ్గిపోయింది, గంప గోడకు తెల్లటి పొడి, సున్నం కొట్టినట్టు. అది ఇంకా తిరుగుతూనే ఉంది, మెల్లగా, ఇంకా మెల్లగా.