ఏడు గంటల పాసింజరు

ఇది మహాకావ్యం. ఇందులో విషముంది, వనవాసముంది, ఏనుగులున్నాయి, చివర్లో అందరూ ఊపిరి బిగబట్టే ఘట్టం కూడా ఉంది. అయితే విషం మినపగింజంత, వనవాసం కొండపల్లి నుంచి గుణదలకి, ఏనుగులు కొయ్యవి. కాబట్టి కావ్యం సంగతి వదిలేసి మా మామయ్య సంగతి చెబుతాను.

మామయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, కొండపల్లిలో కొయ్యబొమ్మలకి రంగులు వేసేవాడు. కళ్ళు దిద్దడంలో దిట్ట. పంతొమ్మిదివందల డెబ్బైల్లో నడుం నొప్పికని ఎవరో చెబితే నల్లమందు మొదలుపెట్టాడు. మొదట మినపగింజంత. ఏడాదికి శనగగింజంత. ఆ తర్వాత చింతగింజంత, అది కూడా నొప్పి తగ్గడానికి కాదు, మంచం దిగడానికి. ఇంట్లో గడియారం లేదు. పొద్దున ఏడింటికి పాసింజరు కూత వెయ్యగానే టీతో పాటు ఉండ నోట్లో వేసుకునేవాడు. ఆ రోజుల్లో ఆయన చేతి మీదుగా వెళ్ళిన ఏనుగులన్నీ అంబారీ మోస్తూ కునికిపాట్లు పడుతున్నట్టుండేవి. బొమ్మలు కొనే షావుకారు రెండు గంపలు వెనక్కి పంపి, ఇంకోసారి ఇలాంటి కళ్ళు దిద్దితే పనే ఇవ్వనన్నాడు. అత్తయ్య ఆయన్ని బెజవాడ ఆస్పత్రిలో చేర్పించింది.

ముక్కు కారడం, ఒళ్ళు నొప్పులు, విరేచనాలు పది రోజుల్లో సర్దుకున్నాయి. మేము విజయం ప్రకటించబోతుంటే డాక్టరుగారు ఆపారు.

“ఒళ్ళు తేరుకుందండీ. మెదడుకి నెలలు పడుతుంది. హాయి అనేది మెదడు కొంత తనే తయారు చేసుకుంటుందని ఈ మధ్యే తెలిసింది. ఇన్నాళ్ళూ బయటి సరుకు దండిగా వస్తుంటే లోపలి పని మందగించింది.”

“మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందండీ?” అంది అత్తయ్య.

“కొద్దికొద్దిగా. అప్పటిదాకా ఏదీ రుచించదు. ఒకటి మాత్రం చూడండి. ఆ రైలు కూత ఈయన చెవిన పడకూడదు. కూత వినపడితే మందు వస్తోందని మెదడు సిద్ధమైపోతుంది.”

“మా ఇంటికి తీసుకుపోతానండీ. ప్రశాంతంగా ఉంటుంది,” అంది అమ్మ.

గుణదలలో మా పెరటి గోడ అవతలే రైలు పట్టాలు. అమ్మ అబద్ధమాడలేదు. ఇరవై ఏళ్ళుగా అక్కడున్నవాళ్ళం, మాకు రైళ్ళు వినపడవు. మామయ్య పెరట్లోకి వెళ్ళి, మెయిలు కూతకి చేతిలో చెంబు వదిలేసినప్పుడుగానీ మాకు పట్టాల సంగతి గుర్తు రాలేదు.

మొదటి వారం ప్రతి కూతకీ ఆవులింతలు, కళ్ళ నీళ్ళు, చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం.

“ఎన్ని బళ్ళురా మీకు?” అన్నాడు నీరసంగా.

“పక్కనే బెజవాడ జంక్షను మామయ్యా. ప్రతి బండికీ లేచి నిలబడనక్కర్లేదని నీ మెదడుకి చెప్పు.”

అమ్మ ఇడ్లీలోకి అల్లం పచ్చడి వేస్తే, “దీనికంటే రంపపు పొట్టు నయం,” అన్నాడు.

“ఎప్పుడైనా తిన్నావా?” అన్నాను.

“చిన్నప్పుడు.”

మూడో నెలకి గూడ్సు బండి గోడ పక్కనుంచి అరుచుకుంటూ పోతున్నా తల తిప్పకుండా పేపరు చదువుకుంటున్నాడు. డాక్టరుగారికి నిజం చెప్పేశాం. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“నేను చెప్పిందేమిటి, మీరు చేసిందేమిటి? సరే, ఒకందుకు మంచిదే. కూత వచ్చి మందు రాకపోతే, అలా వందసార్లు జరిగితే, మెదడు ఎదురుచూడటం తగ్గిస్తుంది. కానీ అది ఇక్కడ. అదే ఇల్లు, అదే పీట, అదే బండి అయితే మళ్ళీ గుర్తొస్తుంది. ఇంటికెళ్ళిన మొదటి రోజు దగ్గరుండండి.”

దగ్గరున్నాం. కొండపల్లిలో మామయ్య తన పీట మీద కూర్చుని, కళ్ళు లేని ఏనుగుని ఒళ్ళో పెట్టుకున్నాడు. చుట్టూ నేను, అమ్మ, అత్తయ్య. నా చేతి గడియారంలో ఏడవుతోంది. అత్తయ్య కిటికీ మూసింది, కూత కిటికీలోంచే వస్తుందన్నట్టు.

“ఏంటక్కా, అందరూ పెళ్ళిచూపులకొచ్చినట్టు కూచున్నారు?” అన్నాడు మామయ్య.

ఏడయింది. కూత లేదు. ఆయన ఒక కన్ను దిద్దాడు. రెండోది దిద్దాడు. ఏనుగు మేలుకున్నట్టే ఉంది. ఇంకో అయిదు ఏనుగులు మేలుకున్నాయి. మా కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఇక లాభం లేదని అత్తయ్య ఇడ్లీలు పెట్టింది.

అప్పుడు వినపడింది కూత.

అత్తయ్య గరిటె గాల్లో ఆగింది. మామయ్య చెయ్యి కంచంలో ఆగింది. ముంజేతి మీద వెంట్రుకలు లేవడం నాకు కనిపించింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెనకటి నల్లమందు భరిణె ఉండే గూటి వైపు ఒకసారి చూశాడు. బండి చప్పుడు దూరమైపోయేదాకా అలాగే కూర్చున్నాడు.

“పచ్చడి ఇంకొంచెం వెయ్యి,” అన్నాడు అత్తయ్యతో. “అల్లం బాగా పడింది.”

అత్తయ్య గిన్నె మొత్తం ఆయన కంచంలో బోర్లించి, కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆయన సిద్ధమయ్యేదాకా దేవుడే బండిని ఆపాడని అమ్మ తేల్చింది.

నేను స్టేషనుకి వెళ్ళి కనుక్కున్నాను. ఆ రోజు ఒకటో తారీకు, అప్పటి నుంచే టైంటేబుల్ మారిందట. ఆ పాసింజరు ఇప్పుడు ఎనిమిదీ ఇరవైకి వస్తుంది. ఆదివారాలు ఉండదు.