భూమి లెక్కకి సంతకం పెట్టని మేడమ్

కాదండీ, పిచ్చిది కాదు. ఎన్నిసార్లు చెప్పాలి? ఇవాళ పొద్దున ఆదోని బస్టాండ్ బయట పత్తి లారీ ఒకటి పక్కనుంచి పోయింది. గాలికి లేచిన నూగు వచ్చి నా ఫోన్ స్క్రీన్‌కి అంటుకుంది. ఆ పత్తి వాసనకి మా ఫిజిక్స్ మేడమ్ రత్నమ్మ గారు గుర్తొచ్చారు. నాతో ఇంటర్ చదివినవాడు పక్కనే ఉంటే ఆమె పేరెత్తాను. "ఒక్క ప్రశ్న కోసం ఉద్యోగం పోగొట్టుకున్న పిచ్చిదే కదా?" అన్నాడు. ఎక్కాల్సిన బస్ వదిలేసి మరీ వాడితో పోట్లాడాను. ఇంకా కోపం తగ్గలేదు, అందుకే రాస్తున్నా.

నేను హైదరాబాద్‌లో పెరిగాను. అక్కడి కాలేజీలో లెక్చరర్‌తో గొడవ పెట్టుకుంటే, మా అమ్మ విసిగిపోయి ఆదోనిలో పిన్ని దగ్గరికి పంపేసింది. ఇక్కడి చిన్న ప్రైవేటు కాలేజీలో చేరాను. రత్నమ్మ మేడమ్ రోజూ ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చేవారు. వాళ్ళింట్లో మగ్గాలుండేవి. ఆమె సంచిలో చాక్‌పీసుల పక్కనే నూలు కండెలు కూడా దొర్లుతుండేవి.

ఒక టెస్ట్‌లో ప్రశ్న వచ్చింది. భూమి తన చుట్టూ తాను తిరుగుతుంది, సూర్యుడి చుట్టూ కూడా తిరుగుతుంది. రెండింటిలో దేని కోణీయ ద్రవ్యవేగం, అంటే యాంగ్యులర్ మొమెంటమ్, ఎక్కువ? క్లాసులో నేను తప్ప అందరూ మొదటిదే అన్నారు. నేత ఇళ్ళ పిల్లలకైతే అనుమానమే లేదు. రాట్నం చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపు కదురు ఎన్ని చుట్లు తిరుగుతుందో పుట్టినప్పటి నుంచి చూస్తున్నారు. వేగంగా తిరిగేదానికే బలమెక్కువ అనుకున్నారు. కాలేజీ కరస్పాండెంట్ గారి తమ్ముడు తయారుచేసిన జవాబుల కీలో కూడా అదే ఉంది.

నేను ఫోన్‌లో వెతికి, లేచి అరిచాను. "మేడమ్, కీ తప్పు!"

"నీకెట్ల తెలుసు పాపా?"

"ఇదిగో, ఫోన్‌లో ఉంది."

"ఫోన్ పాసయిందిలే. ఇంక నువ్వు సెప్పు."

క్లాసంతా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. మేడమ్ కాలేజీకి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు నుంచి అరకిలో తూకం గుండు తెప్పించి, కండెలోని నూలు పేనుకుని దానికి కట్టారు. ముందు గుండుని బల్ల మీద గిర్రున తిప్పారు. నేను వేలు పెడితే ఆగిపోయింది. తర్వాత దారం పట్టుకుని తన చుట్టూ నిదానంగా తిప్పుతూ, "ఇప్పుడు ఆపు" అన్నారు. ఫోన్ చేతిలో పెట్టుకునే అడ్డం పెట్టాను. ఫోన్ ఎగిరి గోడకి తగిలింది.

"నా ఫోన్!"

"అది తర్వాత సూద్దాం. యాది ఆపేకి కష్టమయింది?"

అప్పుడు బోర్డు దగ్గరికి పిలిచారు. సూర్యుడి దూరం భూమి వ్యాసార్థానికి ఇరవైమూడు వేల రెట్లు పైనే. ఆ సంఖ్యని దానితోనే గుణించాలి. కోట్లలోకి పోయింది. ఏడాదికి భూమి తన చుట్టూ మూడువందల అరవై ఐదు సార్లు తిరుగుతుందని భాగించినా అది ఏ మూలకీ రాలేదు. పైగా భూమి బరువంతా అంచునే ఉండదు కాబట్టి, తన చుట్టూ తిరిగేదాన్ని మూడోవంతుగానే లెక్కేయాలి. మూడుసార్లు తప్పు చేశాను, మూడుసార్లూ డస్టర్ విసిరికొట్టాను. "అరుపులాపి మళ్ళా గుణించు" అన్నారే గానీ ఆమె చాక్‌పీస్ ముట్టుకోలేదు. చివరికి వచ్చింది. సూర్యుడి చుట్టూ తిరిగేదే ఎక్కువ, సుమారు నలభై ఐదు లక్షల రెట్లు!

సాయంత్రం ఇద్దర్నీ ఆఫీసుకి పిలిచారు. కరస్పాండెంట్ గారు మర్యాదగానే మొదలుపెట్టారు.

"మేడమ్, ర్యాంకుల ఫ్లెక్సీ కట్టేసినాం. కీ మారిస్తే ఫస్ట్ ర్యాంకు మారుతుంది. కీ కరెక్టేనని ఒక్క సంతకం పెట్టండి."

"మీ ఫ్లెక్సీ కోసం భూమి దోవ మార్చుకుంటాదా సార్?"

"పిల్లలేగా మేడమ్. ఎవరడుగుతారు?"

"ఈ పాప అడిగింది కదా."

"అయితే రేపటి నుంచి మీరు రావద్దు."

నేను నోరు తెరిచేలోపే మేడమ్ నా మణికట్టు పట్టుకున్నారు. బయటికి లాక్కొచ్చారు. ఆ ఇంట్లో నెల జీతం వచ్చేది ఆమె ఒక్కదానికే. "ఈడ కొట్లాడితే ఏమొస్తాది? బోర్డు తుడిచేలోపల పో, అందరితో నోట్సుల్లో రాపీ" అన్నారు. పరిగెత్తాను. కదురుని తలచుకుని మొదటిదే అన్న నేత ఇళ్ళ పిల్లలే అందరికంటే ముందు నోట్సులు తీశారు. కిటికీలోంచి చూస్తే మేడమ్ సంచి భుజానేసుకుని గేటు దాటుతున్నారు.

ఇప్పుడామె ఎమ్మిగనూరులో తన ఇంట్లోనే, మగ్గాల చప్పుడు మధ్య ట్యూషన్లు చెబుతున్నారు. నా కోపం తగ్గలేదు. కాకపోతే అరిచే ముందు లెక్క చేసుకుంటున్నా. మొన్న నేను పనిచేసే ఆఫీసులో, ఫెయిలైన సాఫ్ట్‌వేర్ టెస్టుని పాసని రాయమన్నారు. రాయలేదు. ఎందుకు రాయనో లైను లైనుగా చూపించాను. అక్కడ కూడా నన్ను పిచ్చిదనే అన్నారు. అననీ.

ఆ సంతకం పెట్టేసి ఉంటే సరిపోయేదిగా అనేవాళ్ళని నేను ఒక్కటే అడుగుతున్నా. తప్పని తెలిసిన కాగితం మీద సంతకం గీకి, మర్నాడు పొద్దున్నే ఆ పిల్లల ముందు చాక్‌పీస్ పట్టుకుని నిలబడగలరా మీరు?