నీలం మాస్టారు ఇంటినుంచి తెచ్చిన శాంపిల్

మా ల్యాబులో పెద్ద టెక్నీషియన్ని అందరూ నీలం మాస్టారనేవారు. ముప్పై ఏళ్ళుగా ఆయన నమ్మిన షుగర్ పరీక్ష ఒక్కటే. గాజు గొట్టంలో నీలంగా ఉండే బెనెడిక్ట్ ద్రావణం పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద మరిగించడం. రంగు మారకపోతే షుగర్ లేనట్టు. ఆకుపచ్చ, పసుపు దాటి ఇటుక రంగుకు తిరిగిందా, ఆ మనిషికి మూడినట్టే. "నీలం! ఇక దయచేయండి!" అని ఆయన కేకేస్తే వరండా చివరిదాకా వినపడేది.

రక్తంలో గ్లూకోజు కొలిచే ఎంజైము మిషను వచ్చాక దాన్ని నాకు అప్పగించారు. అప్పట్నుంచి మిషన్నీ నన్నూ ఒకే గాటన కట్టి తిట్టేవారు.

"ఈ ఎంజైము గ్లూకోజును తప్ప దేన్నీ కన్నెత్తి చూడదు మాస్టారూ. గులాబీ రంగు ఎంత చిక్కగా వస్తే షుగర్ అంత ఉన్నట్టు," అన్నాను.

"రంగు మనిషి చూడాలి గానీ డబ్బా చూడ్డమేంటమ్మాయ్? రేపు దీని బండారం బయటపెడతా."

మర్నాడు పరగడుపునే భార్యను వెంటబెట్టుకొచ్చారు. ఆవిడకు ఏడాదిగా అరికాళ్ళ మంటలు, నాలుగడుగులేస్తే నీరసం. మాస్టారు నెలనెలా పొద్దున్నే ఇంట్లో పరీక్ష చేసి, నీలమని తేల్చి, డాక్టరు దాకా వెళ్ళనివ్వలేదు. షుగర్ లేదని ఆయన ఒట్టేసి చెప్పగల రక్తం ఆవిడదే. మిషను షుగర్ ఉందని చూపిస్తే అది అబద్ధాలకోరని తేలిపోతుంది.

"మెల్లిగా గుచ్చమ్మా. ఈయన పంతానికి నా చెయ్యే దొరికింది," అంది ఆవిడ.

నూట డెబ్బై రెండు వచ్చింది.

"దొరికింది దొంగ!" అని మాస్టారు ఎగిరి గంతేసినంత పని చేశారు. మళ్ళీ చేయించారు. నూట డెబ్బై. ఎంత రావాలో సీసా మీదే రాసి ఉండే కంట్రోల్ ద్రావణం పెట్టించారు. అచ్చంగా అంతే వచ్చింది. ఆవిడ మూత్రం శాంపిల్ తనే మరిగించారు. నిక్షేపంలాంటి నీలం.

"రెండూ నిజమే మాస్టారూ," అన్నాను. పరగడుపున నూట ఇరవై ఆరు దాటితే షుగరే. కానీ నూట ఎనభై దాకా ఎక్కితే గానీ అది మామూలుగా మూత్రంలోకి దిగదు. ఇది ఆయనకు తెలియని సంగతేం కాదు, నీలం మీద నమ్మకంతో మరిచిపోయారు.

మాస్టారు దీపం ఆర్పి స్టూలు మీద కూలబడ్డారు. "ఏడాది పాడుచేశానే," అన్నారు ఆవిడతో.

ఆవిడ మాత్రం కరగలేదు. "మంటలంటే వేషాలన్నారు. నీరసమంటే బద్ధకమన్నారు. మీ అక్కయ్యతో అన్నారు, పాలవాడితో కూడా అన్నారు. కాదని ఆ రిపోర్టు కాగితం మీద రాయండి."

"రిపోర్టులో అలాంటివి రాయరే..."

"రాయండి."

మాస్టారు పెన్ను తీశారు. నూట డెబ్బై రెండు కింద గుండ్రటి అక్షరాలతో 'రోగికి బద్ధకం లేదు' అని రాసి సంతకం పెట్టారు.

ఆవిడ రెండుసార్లు చదువుకుని నా చేతికిచ్చింది. "డాక్టరుగారు చూశాక ఇది నాకు మళ్ళీ ఇప్పించమ్మా. మా ఆడపడుచు చదవాలి."