మేలూరులో ఒక ఊపిరి మిషను

చిన్నప్పుడు రక్కమ్మాళ్‌కు ఉరుమంటే లెక్కే లేదు. "అర్జునా, ఫల్గుణా" అని అరుస్తూ వాకిట్లో ఎండేసిన మిరపకాయలు ఎత్తుకొచ్చేది, అంతే. మొగుడి ముక్కుకు గొట్టం తగిలించాకే మబ్బు చూస్తే ఆమెకు భయం పట్టుకుంది.

ఆమె మొగుడు పాండియన్ వయసంతా గ్రానైట్ క్వారీలో రాయి కోశాడు. ఆ రాయి ఎవరెవరి ఇళ్లలోనో నున్నగా మెరుస్తోంది. దుమ్ము మాత్రం ఇతని రొమ్ములో కూర్చుంది. ఇప్పుడు మంచం పక్కన ఆక్సిజన్ మిషను గుర్రుమంటేనే అతనికి ఊపిరి. కరెంటు పోయిన పూటకు ఒక చిన్న సిలిండరు ఉంది. మిషను ధర్మాసుపత్రి వాళ్లు వాడుకోమని ఇచ్చింది. పాడైతే ఇంకోటి లేదని ముందే చెప్పేశారు.

ఆమె బజార్లో ఒక సర్జ్ పెట్టె కొని మిషనుకు తగిలిస్తే, వీధిలోని ఎలక్ట్రీషియన్ జెబరాజ్ నవ్వాడు.

"పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమా అక్కా? కరెంటు కొంచం ఎగిరితే ఇది ఆపును. మిన్నల్, పిడుగు కొట్టితే స్విచ్చి ఆపినా చాలదు, ప్లగ్గు పిన్నే పీకేయాల."

అప్పట్నుంచి మెరుపు కనబడితే చాలు, సిలిండరు తగిలించి పిన్ను పీకేసేది. వాన వెలిశాక మళ్లీ గుచ్చేది.

ఆ రోజు పగలంతా కరెంటు లేదు. సిలిండరు కాస్తా అయిపోయింది. సాయంత్రం కరెంటు వచ్చిన కాసేపటికే కారుమబ్బు కమ్మి మెరుపులు మొదలయ్యాయి. ఆంబులెన్సుకు ఫోన్ చేస్తే, దారిలో చెట్లు పడ్డాయి, ఆలస్యమవుతుందన్నారు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పీకితే మనిషి ఇప్పుడే పోతాడు. పీకక మిషను కాలిపోతే రేపు పోతాడు. పిన్ను మీద చెయ్యి వేసి రక్కమ్మాళ్ ఏడుస్తూ నిలబడిపోయింది.

పాండియనే మంచం మీంచి వంగి తీగ పట్టి లాగేశాడు. "వేండాం పుళ్ళా, వద్దు. మిషన్ను కాపాడు. నేను కొంచంసేపు ఓర్చుకుంటా."

ఓర్చుకున్నాడు పాపం, పెదవులు నల్లబడేదాకా. కళ్లు తేలేసేసరికి ఆమె తట్టుకోలేకపోయింది. పిన్ను గుచ్చేసింది. మిషను గుర్రుమంది, అతని రొమ్ము లేచింది, చూపు తిరిగి ఆమె మీద నిలిచింది. అంతలో ఇల్లంతా తెల్లగా వెలిగి చెవులు గింగురుమన్నాయి. మిషను ఆగిపోయింది.

"మిషన్ పోయెనా?" అన్నాడు చీకట్లో.

"లేదు మామా, కరెంటే పోయె. వచ్చును."

కాలిన ప్లాస్టిక్ వాసన గుప్పుమంటోంది. అది అతనికి తెలియకూడదని, జల్లు కొడుతున్నా ఆమె కిటికీ తెరిచేసింది.

పాండియన్ తడుముకుంటూ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"మూసెయ్ పుళ్ళా, తడిసిపోతావు," అన్నాడు. "వాసన నాకూ వచ్చె."